కథ చెప్పని చిత్రాన్ని చదవడం ఎలా?

ఒడిశాలోని గంజాం జిల్లా బుగుడలో ఉన్న బిరంచినారాయణ ఆలయ గోడలమీద ఉన్న రామాయణ చిత్రాల ముందు నిలబడి, ఇదేమిటో అర్థం కాలేదని ఎవరూ అనరు. పది తలలు ఉన్నవాడు రావణుడు, తోక ఉన్నవాడు హనుమంతుడు, మిగిలినవారిని ఎవరి పక్కన ఎవరున్నారో చూసి పోల్చుకోవచ్చు. కథ ముందే మన దగ్గర ఉంటుంది కనుక చిత్రం దాన్ని గుర్తుచేస్తే చాలు. బరంపురంలోను, పర్లాకిమిడిలోను, రాయగడలోను పెరిగిన తెలుగువారిలో చాలామందికి బొమ్మలతో పరిచయం ఈ దారిలోనే కలుగుతుంది. గుడి గోడ, ఇంట్లో వేలాడే క్యాలెండరు, బరంపురం అమ్మవారి జాతరైన ఠాకురాణి యాత్రలోని వేషాలు, అన్నీ తెలిసిన కథలనే చూపిస్తాయి.

చిక్కు వచ్చేది మరో రకం చిత్రంతో. అందులో మనుషులు మనుషుల్లాగే ఉంటారు, వస్తువులన్నీ గుర్తుపట్టగలిగినవే అయి ఉంటాయి, అయినా వారెవరో, ఎవరిని చూస్తున్నారో, ఏది ముందు జరిగిందో చిత్రం చెప్పదు. అలాంటి చిత్రం ఎదురైనప్పుడు మనం సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తాం: చప్పున ఒక కథ అల్లి దానికి తగిలిస్తాం, లేదా ఇది చదువుకున్నవాళ్ల వ్యవహారమని పక్కకు తప్పుకుంటాం. రెండూ తొందరపాటే. చూడడం, గుర్తుంచుకోవడం అనే పనులనే తన విషయంగా చేసుకున్న చిత్రాన్ని ఇంట్లో కూర్చుని ఎలా చదవవచ్చో ఇక్కడ వివరిస్తాను. పద్ధతి మొత్తం ఒక్క ఆలోచన మీద నిలబడి ఉంది. చిత్రాన్ని చూడాలి, మూసేయాలి, జ్ఞాపకంతో మళ్లీ గీయాలి, రెండింటికీ మధ్య వచ్చిన తేడాను అర్థానికి ఆధారంగా తీసుకోవాలి. జ్ఞాపకం ఎక్కడ తప్పిందో అదే మీ చేతిలోని ప్రధాన సాక్ష్యం.

ఉదాహరణగా ఫ్రెంచ్ చిత్రకారుడు ఎదువార్ మానే 1882లో పూర్తిచేసిన ‘ఫోలీ బెర్జేర్‌లో ఒక బార్’ అనే తైలవర్ణ చిత్రాన్ని తీసుకుంటున్నాను. ఫోలీ బెర్జేర్ పారిస్‌లోని ఒక వినోదశాల. చిత్రం ఇప్పుడు లండన్‌లోని కోర్టాల్డ్ గ్యాలరీలో ఉంది. ఇందులో తెలియని వస్తువు ఒక్కటీ లేకపోయినా చూసినకొద్దీ లెక్క తప్పుతూ ఉంటుంది. దీని గురించి పరిశోధకులు గట్టిగా తేల్చిన విషయాలు కూడా ఉన్నాయి కనుక, మన ఊహలను వాటితో సరిచూసుకునే వీలుంది.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఈ పనికి ఫోన్ తెర సరిపోదు. అసలు చిత్రం 96 సెంటీమీటర్ల ఎత్తు, 130 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అడ్డంగా పట్టుకున్న ఫోన్‌లో అది పదోవంతుకన్నా తక్కువకు కుదించుకుపోయి, అంచుల్లో ఉన్నవి కంటికి ఆనకుండా పోతాయి. పెద్ద పరిమాణంలో ఉన్న ఫోటోను డౌన్‌లోడ్ చేసుకుని జిరాక్స్ దుకాణంలో ఏ3 కాగితంమీద కలర్ ప్రింట్ తీయించుకోండి. బరంపురం, జయపురం వంటి పట్టణాల్లో ఇది కష్టం కాదు, చిన్న ఊళ్లలో ఏ3 దొరకకపోతే రెండు ఏ4 కాగితాలను అతికించుకున్నా పని జరుగుతుంది. మెరిసే కాగితం వద్దు, ట్యూబులైటు వెలుగు దానిమీద పడి నలుపు రంగులోని తేడాలను మింగేస్తుంది. గీతలు లేని నోటుపుస్తకం, పెన్సిలు కావాలి. రబ్బరు మాత్రం దగ్గర పెట్టుకోకండి, ఎందుకంటే తుడిపేసిన తప్పు తరువాత పనికిరాదు.

చిత్రం గురించి ఏమీ చదవకండి. వీలైతే ఈ వ్యాసాన్ని కూడా రెండవ మెట్టు చివర ఆపి, ఆ రెండు మెట్లూ స్వయంగా పూర్తిచేసిన తరువాతే ముందుకు రండి. ముందే చదివేస్తే మీరు చూసేది నా మాటలనే అవుతుంది.

మొదటి మెట్టు: పేర్లు పెట్టకుండా జాబితా రాయడం

పావుగంటపాటు కనిపించినవన్నీ వాక్యాలుగా రాయండి. నియమం ఒక్కటే: ఉన్నది రాయాలి, అనిపించినది రాయకూడదు. ‘ఆమె విచారంగా ఉంది’ అనేది మీ తీర్పు. ‘ఆమె కనుపాపలు కొద్దిగా కిందికి, ఒక పక్కకు ఉన్నాయి, పెదవులు మూసి ఉన్నాయి, రెండు చేతులూ రాతిబల్లమీద ఆనించి ఉన్నాయి’ అనేది ఉన్న విషయం. విచారమనే మాట ఒకసారి కాగితంమీద పడితే తరువాతి పది వాక్యాలూ దానికి సాక్ష్యాలు వెతకడానికే బయలుదేరతాయి. కుడి, ఎడమ అన్నప్పుడు ఎల్లప్పుడూ చూసేవారి కుడి, ఎడమలనే లెక్కపెట్టండి. ఈ చిన్న క్రమశిక్షణ లేకపోతే అద్దాలున్న చిత్రంలో మీ రాతలు మీకే అర్థం కావు.

నడిమధ్యలో ఉన్న ముఖంతో మొదలుపెట్టాలనిపిస్తుంది. దాన్ని చివరికి వదిలి, నాలుగు అంచులనుంచి లోపలికి రండి. చిత్రకారుడు అంచును ఎక్కడ కోశాడో అక్కడ ఒక నిర్ణయం ఉంటుంది. మానే చిత్రంలో ఎడమవైపు పై మూలన ఆకుపచ్చ బూట్లు వేసుకున్న రెండు పాదాలు మాత్రమే వేలాడుతూ కనిపిస్తాయి. ఉయ్యాల కడ్డీమీద విన్యాసాలు చేస్తున్న మనిషి పాదాలు అవి, మిగతా శరీరం చట్రానికి బయట ఉండిపోయింది. ఆ సాయంత్రం టిక్కెట్టు కొన్నవారంతా చూడడానికి వచ్చినది ఆ విన్యాసమే కదా! దాన్ని పాదాలకు కుదించి మూలకు నెట్టినవాడు మన చూపును మరో చోటికి పంపదలచుకున్నాడని ఇక్కడినుంచే లెక్కలోకి తీసుకోవచ్చు. ఎడమ చివరన ఉన్న సీసా చీటీమీద చిత్రకారుడి సంతకం, 1882 అనే సంవత్సరం ఉన్నాయి. అమ్మకానికి పెట్టిన సరుకుమీద తన పేరు రాసుకున్నాడన్నమాట. ఇది కూడా రాసి పెట్టుకోండి, ఇప్పుడే దానికి అర్థం చెప్పకండి.

బల్లమీద బంగారు రంగు మూతలున్న షాంపేన్ సీసాలు, ఎర్ర త్రికోణం గుర్తున్న బీరు సీసాలు, ఆకుపచ్చ మద్యం సీసా ఒకటి, గాజు పాత్రలో నారింజపండ్లు, చిన్న గాజు గ్లాసులో రెండు గులాబీలు ఉన్నాయి. వాటి వెనక నల్లని దుస్తుల్లో ఒక యువతి నిలబడి ఉంది, మెడలో నల్లని పట్టీకి ఒక లాకెట్టు ఉంది. ఆమె వెనక వినోదశాల, బాల్కనీలో జనం, దీపగుచ్ఛాలు. ఆమె వెనకనుంచి అడ్డంగా సాగిపోయిన బంగారు చట్రాన్ని గమనించినవారికి, ఆ జనమంతా అద్దంలో కనిపిస్తున్న ప్రతిబింబమని కొంత ఆలస్యంగా అర్థమవుతుంది. అది మీకు ఏ క్షణంలో అర్థమైందో జాబితాలో ఆ వాక్యం పక్కన ఒక చుక్క పెట్టండి.

రెండవ మెట్టు: మూసి, గీయడం

ప్రింటును బోర్లించి, కనీసం ఒక రాత్రి గడిచిన తరువాత, చూడకుండా గీయండి. బొమ్మలు వేయడం రాదనే సంకోచం ఇక్కడ అవసరం లేదు; మనిషికి ఒక నిలువు గీత, సీసాకు ఒక చిన్న గీత, ముఖానికి సున్నా చాలు. ముఖ్యమైనది ఏది ఎక్కడ ఉందన్నదే.

ఇలా చేయడం వెనక పాత ప్రయోగాలు ఉన్నాయి. కేంబ్రిడ్జిలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో ప్రచురించిన పరిశోధనలో, ఒక బొమ్మను ఒకరు చూసి జ్ఞాపకంతో గీస్తే, ఆ గీసినదాన్ని మరొకరు చూసి గీసేలా వరుసగా ఏర్పాటుచేశాడు. ప్రాచీన ఈజిప్టు లిపిలోని గుడ్లగూబ గుర్తు అలా చేతులు మారుతూ మారుతూ చివరికి నల్లపిల్లిగా మారిపోయింది. వింతగా ఉన్నదాన్ని మనసు తనకు తెలిసినదాని వైపు లాక్కుంటుంది. ఈ గుణాన్నే మనం ఇక్కడ పరికరంగా వాడుతున్నాం. మీ మనసు దేన్ని సవరించిందో తెలిస్తే, చిత్రకారుడు ఏ చోట మామూలుకు విరుద్ధంగా వెళ్లాడో తెలిసిపోతుంది.

ఇప్పుడు ప్రింటును తిరగేసి మీ గీతలతో పోల్చండి. మూడు రకాల తేడాలు కనిపిస్తాయి. మీరు వదిలేసినవి కొన్ని. చిత్రంలో లేకుండా మీరు చేర్చినవి కొన్ని, ఇవి చాలా విలువైనవి, ఎందుకంటే చిత్రం మీచేత దేన్ని ఊహింపజేస్తున్నదో ఇవే చెబుతాయి. చివరిగా మీరు ‘సరిచేసినవి’, అంటే వంకరను తిన్నగా, దూరాన్ని దగ్గరగా మార్చినవి. మానే చిత్రంలో ఆ యువతి వీపు ప్రతిబింబం ఆమె వెనక ఉండవలసిన చోట లేదు, బాగా కుడికి జరిగి, పొడవాటి టోపీ పెట్టుకున్న ఒక మనిషి ఎదుట వంగి ఉంది. మీ గీతల్లో ఆ ప్రతిబింబం ఆమెకు దగ్గరగా జరిగి ఉంటే, లేదా మాయమై ఉంటే, లేదా వేరే స్త్రీగా నమోదై ఉంటే, మీరు చిత్రం నడిబొడ్డుకు చేరుకున్నట్టే. ఆ టోపీ మనిషి అద్దంలో ఆమెకు అంత దగ్గరగా ఉన్నాడు కదా, మరి బల్లకు ఇవతల అతను ఎక్కడ? అతన్ని కూడా మీరు బల్ల ముందు గీసి ఉంటే, చిత్రం దాచిన మనిషిని మీ జ్ఞాపకం భర్తీ చేసిందని అర్థం.

తేడాలను ఒక పేజీలో రాసి ఉంచండి. వ్యాఖ్యానానికి ముడిసరుకు ఇదే. ఇందులో ఐదారు అంశాలకు మించి ఉంటే, మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టిన రెండింటిని మాత్రం తీసుకోండి.

మూడవ మెట్టు: చూపుల లెక్క

పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును ప్రింటుమీద పరచి, చిత్రంలోని ప్రతి మనిషి కంటినుంచి అతను చూస్తున్న వైపుకు ఒక గీత గీయండి. చూపులను ముఖ్య విషయంగా చేసుకున్న చిత్రాలకు ఈ పని తప్పనిసరి, ఇతర చిత్రాలకు కూడా నష్టమేమీ లేదు. మానే చిత్రంలో బాల్కనీలోని స్త్రీలలో ఒకరు చిన్న దుర్భిణి పెట్టుకుని చూస్తున్నారు. ఆమె చూపు ఉయ్యాల ఆటగత్తె వైపు కూడా లేదు, మన వైపు కూడా లేదు. టోపీ మనిషి బారులోని యువతిని చూస్తున్నట్టు అద్దం చెబుతుంది. ఇంతమంది చూస్తున్న చోట, మనకు ఎదురుగా నిలబడిన ఆ యువతి చూపు మాత్రం ఎవరిమీదా ఆగదు. చూపుల గీతలన్నీ ఎక్కడో ఒకచోట ముగుస్తాయి, ఆమె గీత ఒక్కటే కాగితం దాటి గాలిలోకి పోతుంది.

చివరగా మీ గీత గీయండి. మీరు ఎక్కడ నిలబడితే ఈ దృశ్యం కనిపిస్తుంది? ఇది తేల్చడానికి పుస్తకం అవసరం లేదు. దుకాణదారుడి వెనక గోడకు అద్దం బిగించిన పాన్ దుకాణం మన పట్టణాల్లో వెతికితే దొరుకుతుంది, లేకపోతే సెలూన్ ఉంది. అతనికి సరిగ్గా ఎదురుగా నిలబడితే అతని వీపు ప్రతిబింబం అతని శరీరం వెనకే దాగిపోతుంది. రెండు అడుగులు కుడికి జరిగితే అది అతనికి కుడిపక్కన బయటపడుతుంది, ఇంకా జరిగితే ఇంకా కుడికి పోతుంది. (ఈ పరీక్ష చేసేటప్పుడు ఊరికే నిలబడకుండా ఏదైనా కొనుక్కోవడం మర్యాద.) దీన్నిబట్టి ప్రతిబింబం కుడివైపున కనిపిస్తున్నదంటే, చూసేవాడు నట్టనడుమ లేడు, కుడికి జరిగి నిలబడ్డాడు. కానీ చిత్రంలోని యువతి మాత్రం తిన్నగా మనకు ఎదురుగా నిలబడినట్టే ఉంది. ఇక్కడే కన్ను ఒప్పుకోక తిరగబడుతుంది.

ఈ చిత్రం 1882లో పారిస్‌లో ఏటా జరిగే సలోన్ అనే పెద్ద చిత్రప్రదర్శనలో ప్రదర్శితమైన నాటినుంచి ఈ లెక్క గురించి వాదన నడుస్తూనే ఉంది. చిత్రకారుడు అద్దాన్ని తప్పుగా వేశాడన్నవారు ఉన్నారు, కావాలనే అసాధ్యమైన దృశ్యాన్ని వేశాడన్నవారు ఉన్నారు. 2000 ప్రాంతంలో మాల్కమ్ పార్క్ అనే పరిశోధకుడు బల్ల, అద్దం, మనుషులతో ఈ దృశ్యాన్ని తిరిగి ఏర్పాటుచేసి ఫోటో తీయించి, తగిన చోట నిలబడితే ఇలాగే కనిపిస్తుందని చూపించాడు. ఆ లెక్క ప్రకారం చూసేవాడు కుడివైపున, బల్లకు దగ్గరగా ఉంటాడు. టోపీ మనిషి ఆమెకు ఎదురుగా లేనే లేడు, మన చూపు పరిధికి బయట ఎడమవైపున నిలబడి మరో దిక్కుకు చూస్తున్నాడు. అద్దంలో వారిద్దరూ మాట్లాడుకుంటున్నట్టు కనిపించడం కోణం వల్ల పుట్టిన భ్రమ.

ఈ సమాచారం దొరకగానే చిక్కు విడిపోయిందని నోటుపుస్తకం మూసేయకండి. నా అభిప్రాయంలో పార్క్ నిరూపణ చిత్రాన్ని తేలిక చేయలేదు, మరింత బరువెక్కించింది. సాధ్యమైన కోణాన్ని ఎంచుకుని, దాన్ని అసాధ్యంగా కనిపించేలా వేశాడంటే, మన తొందరపాటు తీర్పే చిత్రకారుడి లక్ష్యమై ఉండవచ్చు. బయటి సమాచారాన్ని వ్యాఖ్యానంలో చేర్చేటప్పుడు పాటించవలసిన పద్ధతి ఇదే. అది మీ రెండవ మెట్టులోని తేడాను ఎలా మారుస్తున్నదో ఒక వాక్యంలో రాయగలిగితే ఉంచండి, రాయలేకపోతే ఎంత ఆసక్తికరంగా ఉన్నా పక్కన పెట్టండి. ఈ చిత్రాన్ని తరువాత స్వరకర్త శాబ్రియే తన పియానో పైన వేలాడదీసుకున్నాడన్నది వినడానికి బాగుంటుంది, మన పనికి మాత్రం అక్కరలేదు.

నాల్గవ మెట్టు: చూసి వేసినది, తలచుకుని వేసినది

జ్ఞాపకం గురించిన చిత్రమని ఎవరైనా అంటే, ఎవరి జ్ఞాపకమని వెంటనే అడగాలి. చిత్రకారుడిదా, చిత్రంలోని మనిషిదా, చూసేవారిదా? మూడింటినీ కలిపేస్తే వ్యాఖ్యానం పొగలా మారుతుంది.

చిత్రకారుడి జ్ఞాపకాన్ని రంగు పూసిన తీరులోనే వెతకవచ్చు. ప్రింటును నాలుగు భాగాలుగా విభజించి, ఒక్కో భాగంలో అంచులు ఎంత స్పష్టంగా ఉన్నాయో గమనించండి. మానే చిత్రంలో బల్లమీది నారింజలు, గులాబీలున్న గ్లాసు, సీసాల మూతలు కంటి ముందు పెట్టుకుని వేసినంత నిక్కచ్చిగా ఉన్నాయి. అద్దంలోని జనం మాత్రం కుంచె తాకిళ్లుగా, మచ్చలుగా, టోపీలు, చేతితొడుగులు మాత్రం గుర్తుపట్టగలిగేలా ఉన్నారు. కారణం చరిత్రలో దొరుకుతుంది. మానే వినోదశాలలో చిన్న చిన్న రేఖాచిత్రాలు గీసుకుని, పెద్ద చిత్రాన్ని తన స్టూడియోలో వేశాడు. అక్కడ ఒక బల్ల పెట్టి, ఆ వినోదశాలలో నిజంగా పనిచేస్తున్న సుజోన్ అనే యువతిని దాని వెనక నిలబెట్టాడు. అప్పటికే ఆయన జబ్బుతో నడవడానికి ఇబ్బందిపడుతున్నాడు, 1883 ఏప్రిల్‌లో మరణించాడు. అంటే బల్ల, సీసాలు, యువతి ఆయన కళ్లెదుట ఉన్నవి. జనం, దీపాలు, ఉయ్యాల పాదాలు ఆయన తెచ్చుకున్న జ్ఞాపకం. బాల్కనీలో తెల్లని దుస్తులు, పసుపు చేతితొడుగులతో కూర్చున్న స్త్రీ ఆయన స్నేహితురాలు మేరీ లోరాన్. తనకు తెలిసినవారిని తీసుకొచ్చి జనంలో కూర్చోబెట్టాడు.

ఈ విభజన తెలిసిన తరువాత అద్దం కొత్తగా కనిపిస్తుంది. నేను ఈ చిత్రాన్ని ఇలా చదువుతాను: బల్లకు ఇవతలిది చూపు, అద్దంలోనిది జ్ఞాపకం, జ్ఞాపకంలో మనుషులు తాము నిలబడిన చోటునుంచి కొంత జరిగే కనిపిస్తారు. ముందున్న యువతి నిటారుగా ఉంది, అద్దంలోని ఆమె ఎవరికో జవాబు చెబుతున్నట్టు ముందుకు వంగి ఉంది. ఒకే మనిషి రెండు వేర్వేరు క్షణాల్లో ఉన్నట్టు ఉంటుంది. ఎక్స్‌రే పరీక్షల్లో బయటపడిన విషయం ఈ చదువుకు బలం ఇస్తుంది. మానే మొదట ఆమె చేతులను నడుము దగ్గర ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు వేసి తరువాత మార్చాడు, ప్రతిబింబాన్ని దశలవారీగా కుడికి జరుపుకుంటూ పోయాడు. అంతకుముందు వేసిన చిన్న నమూనా చిత్రంలో ప్రతిబింబం ఆమెకు ఇంకా దగ్గరగానే ఉంది. కనుక ఆ దూరం ఆయన చేతికి అనుకోకుండా వచ్చింది కాదు. మీరు దీనికి విరుద్ధంగా, అద్దంలోనిదే అసలు సంఘటన, ముందున్నది ఆమె అలసటలోని ఊహ అని చదవవచ్చు. అప్పుడు మాత్రం బల్లమీది వస్తువులు ఎందుకంత నిక్కచ్చిగా ఉన్నాయో మీరు చెప్పవలసి ఉంటుంది.

ప్రశ్న మార్చి మళ్లీ చూడడం

ఇది చిన్న మెట్టే అయినా వదలకూడదు. సోవియట్ శాస్త్రవేత్త అల్ఫ్రెడ్ యార్బుస్ చిత్రాలు చూస్తున్నవారి కనుగుడ్ల కదలికలను నమోదుచేశాడు. అందుకు ఆయన వాడిన చిత్రాల్లో ఒకటి ఇల్యా రేపిన్ వేసిన, ప్రవాసం నుంచి ఒక మనిషి అనుకోకుండా ఇంటికి తిరిగివచ్చిన దృశ్యం. ఇంట్లోవారి వయసులు అంచనా వేయమన్నప్పుడు చూపులు ముఖాలమీద తిరిగాయి, కుటుంబం ఆర్థిక స్థితి అడిగినప్పుడు దుస్తులమీదికి, సామానుమీదికి పోయాయి, ఆ మనిషి ఎంతకాలం దూరంగా ఉన్నాడో చెప్పమన్నప్పుడు ఒక ముఖంనుంచి మరో ముఖానికి పరుగులు తీశాయి. చిత్రం ఒక్కటే, ప్రశ్నను బట్టి కన్ను వేరే దారి పట్టింది. మీరు కూడా మూడు ప్రశ్నలు కాగితంమీద రాసుకుని, ఒక్కోదానితో ఐదు నిమిషాలు చూడండి. ఈ గదిలో డబ్బు ఎవరి దగ్గర ఉంది? ఇప్పుడే ఏది ముగిసింది? ఈ మనిషి రేపు దీన్లో దేన్ని గుర్తుంచుకుంటుంది? మూడవ ప్రశ్నతో చూసినప్పుడు మానే చిత్రంలో నా చూపు మాటిమాటికీ గులాబీల గ్లాసు దగ్గరికి పోతుంది. ఆ బల్లమీద ఉన్నవాటిలో అమ్మకానికి పెట్టినట్టు లేనిది అదొక్కటే.

సంకేతాల విషయంలో జాగ్రత్త

నారింజలు ఉన్నాయి కనుక ఆ యువతిది ఫలానా వృత్తి అని చెప్పిన వ్యాఖ్యాతలు ఉన్నారు. పువ్వుకు ఒక అర్థం, అద్దానికి ఒక అర్థం, నలుపుకు ఒక అర్థం అంటూ నిఘంటువు పట్టుకుని బయలుదేరితే ఏ చిత్రమైనా పది నిమిషాల్లో ముగిసిపోతుంది. ఒక వస్తువుకు గూఢార్థం ఉందని చెప్పాలంటే, చిత్రంలోనే మరో ఆధారం దాన్ని సమర్థించాలని ఒక నియమం పెట్టుకోండి. మన అలవాట్లను పారిస్ బల్లమీదికి తీసుకుపోకూడదు. నల్లని దుస్తులు చూసి అశుభమని రాస్తే అది మన ఇంటి మాటే అవుతుంది, చిత్రం మాట కాదు.

మన పక్కనే ఉన్న ఒక సంప్రదాయం ఈ విషయంలో మంచి పాఠం చెబుతుంది. గుణుపురం దాటి పుట్టాసింగి వైపున్న సవర గ్రామాల్లో ఇంటి లోపలి గోడను ఎర్రమట్టితో అలికి, బియ్యప్పిండితో తెల్లగా వేసే ఇడితాల్ చిత్రాలు చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడవి చీరలమీద, కప్పులమీద కూడా అలంకారంగా వస్తున్నాయి. చతురస్రాకారపు ఇంటి గీతలోపల వరుసలుగా మనుషులు, ఏనుగులు, నెమళ్లు, చెట్లు ఉంటాయి. 1940లలో ఈ ప్రాంతంలో పనిచేసిన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ కాలానికే వాటిలో రైళ్లు, విమానాలు, సైకిళ్లు కూడా చేరాయి. విమానం అంటే సవరల సంకేతకోశంలో ఏమిటని అడిగితే జవాబు రాదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ బొమ్మ ఎవరికోసం వేశారు? అది చనిపోయిన ఒక బంధువుకో, ఒక దేవతకో ఇంట్లో కట్టి ఇచ్చిన నివాసం. ఆ మనిషి లేదా ఆ దేవత కోరినవన్నీ అందులో ఉంటాయి. ఎవరికోసమో తెలిసిన ఇంటివారికి అందులో చిక్కేమీ లేదు, బయటినుంచి వెళ్లిన మనకే అది చిక్కుగా కనిపిస్తుంది.

ఈ ప్రశ్ననే మానే చిత్రానికీ వేయండి. అది సలోన్ ప్రదర్శనకు వేసినది. దాని ముందు గుమిగూడినవారిలో అద్దంలోని టోపీ మనిషి లాంటివారు ఎందరో ఉండి ఉంటారు. చిత్రానికి ఇవతల నిలబడి ఆమెను చూసే పురుషుడు, అద్దంలో తన చోట మరో పురుషుడు నిలబడి ఉండడం చూస్తాడు. ఎవరికోసం వేశారన్న ప్రశ్న ఇలా ఒక అడుగు ముందుకు నడిపిస్తుంది, నారింజ అర్థం అలా నడిపించదు.

వ్యాఖ్యానాన్ని రాసి, మరొకరిమీద పరీక్షించడం

ఇప్పుడు ఒక పేజీకి మించకుండా రాయండి. మొదటి వాక్యం మీ జ్ఞాపకం తప్పిన చోటు గురించి ఉండాలి, తరువాతిది ఆ చోట చిత్రంలో నిజంగా ఉన్నదాని గురించి, ఆపైన ఆ తేడా ఎందుకు ముఖ్యమని మీరు అనుకుంటున్నారో రాయాలి. ‘ఈ చిత్రం ఒంటరితనాన్ని సూచిస్తుంది’ వంటి వాక్యం వచ్చిందంటే కొట్టేయండి. అది ఏ చిత్రానికైనా అతుకుతుంది. మీ వాక్యం ఈ చిత్రానికి తప్ప మరో చిత్రానికి సరిపోకూడదు. దానిలోని పదాలను మార్చకుండా బాల్కనీ స్త్రీల చిత్రానికో, మద్యం దుకాణం చిత్రానికో తగిలించగలిగితే, అది ఇంకా తయారు కాలేదు.

తరువాత చిత్రం చూడని ఒకరికి దాన్ని మాటల్లో వర్ణించి, వారిచేత గీయించండి. ఇంట్లో మీ చెల్లెలైనా, పక్కింటి ఒడియా మిత్రుడైనా ఫరవాలేదు. మన ఇళ్లలో తెలుగులో చెప్పి ఒడియాలో బదులు వినడం మామూలే కనుక, ఏ భాషలో గీయించినా ఇబ్బంది ఉండదు. వారు అడిగే మొదటి ప్రశ్నను రాసుకోండి. ‘అయితే ఆ టోపీ ఆయన ఎక్కడ నిలబడ్డాడు?’ అని వారు అడిగితే, మీ వర్ణన చిత్రంలోని చిక్కును చెదరకుండా అందించిందన్నమాట. వారు సుఖంగా ఏ సందేహం లేకుండా గీసేస్తే, వర్ణించేటప్పుడు మీరు దేన్నో సరిచేసి చెప్పారు. అదేమిటో వెతికి పేజీని సవరించండి. రంగులు, కుంచె పని గురించి సందేహాలుంటే చిత్రకళ నేర్చినవారిని అడగవచ్చు. గంజాం జిల్లావారికి ఖల్లికోటలో ప్రభుత్వ చిత్రకళా కళాశాల ఉండనే ఉంది.

జవాబు దొరకని అంశాలను పేజీ అడుగున విడిగా రాసి, తేదీ వేసి ఉంచండి. నా పేజీలో ఎడమవైపు సీసాలు అద్దంలో వాటి ప్రతిబింబాలతో ఎందుకు సరిపోవన్న ప్రశ్న అలాగే ఉంది. చూసే కోణం మార్చితే ప్రతిబింబం ఎంత జరుగుతుందో చెప్పవచ్చు గానీ, సీసాల సంఖ్య, వరుస ఎందుకు మారాయో కోణం ఒక్కటే చెప్పదు.

ఇదే పద్ధతిని తరువాత రెండు చిత్రాలమీద ప్రయత్నించవచ్చు. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ 1936లో వేసిన ఒక చిత్రంలో చిత్రకారుడు బల్లమీది గుడ్డును చూస్తూ, కాన్వాసుమీద రెక్కలు చాచిన పక్షిని వేస్తూ ఉంటాడు. దీనికి చూపుల లెక్క ఐదు నిమిషాల్లో అయిపోతుంది, రెండవ మెట్టుకు మాత్రం ఎక్కువ సమయం ఇవ్వండి. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెత్ 1656లో వేసిన ‘లాస్ మెనీనాస్’ కష్టమైనది. మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్న ఆ చిత్రం మూడు మీటర్లకు మించిన ఎత్తు ఉంటుంది కనుక ఏ3 ప్రింటుతో ఆగకుండా, ముఖాలను, వెనక గోడమీది అద్దాన్ని విడివిడిగా పెద్దవి చేయించుకోండి. అందులో అద్దంలో కనిపించే రాజదంపతులు ఎక్కడ నిలబడ్డారన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. గది చివర తలుపు తీసి మెట్లమీద ఆగి వెనక్కి చూస్తున్న మనిషిని ముందుగా జాబితాలో చేర్చి, అతనికి అక్కడినుంచి ఏమేమి కనిపిస్తాయో గీయండి, అద్దం సంగతి ఆ తరువాత చూడవచ్చు.